బొమ్మలో ఎవరున్నారు?

"హక్కులు, వివక్ష, నిరసన... ఇవన్నీ ఒకటో తరగతి పిల్లలకు ఎందుకండీ?" తిరుపతిలో ఇలాంటి సంగతులు చెప్పే బొమ్మల పుస్తకాల మాట ఎత్తినప్పుడల్లా తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఇది. కోపంతో కాదు, పిల్లల మీద బెంగతో అడుగుతారు. అందుకే దీనికి జవాబు కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

బొమ్మతో కథ చెప్పడం మనకు కొత్త కాదు. తిరుపతికి గంట ప్రయాణంలో ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను తడిపి ఆరబెడతారు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు గీతలు గీసుకుంటారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నానబెట్టిన నీటితో నలుపు దిద్దుతారు. రామాయణమో భారతమో గళ్లు గళ్లుగా సాగుతుంది, బొమ్మల పక్కన తెలుగు అక్షరాలు నడుస్తాయి. చదువు రానివాళ్లు బొమ్మను చదివేవారు, వచ్చినవాళ్లు అక్షరాన్ని చదివేవారు. ఆ గుడ్డ మీద దేవుళ్లు, రాజులు, మునులు ఉండేవారు. దాన్ని చూస్తూ నిలబడ్డ కూలిమనిషి మాత్రం అందులో ఉండేవాడు కాదు.

1947 జులైలో మద్రాసు నుంచి చందమామ వచ్చింది. ఆ బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లలో నేనూ ఉన్నాను, వాటి అందానికి ఇప్పటికీ తలవంచుతాను. కానీ చంకకర్రలతో నడిచే అమ్మాయిగానీ, గిరిజనులైన యానాదుల గుడిసెలో పుట్టిన పిల్లవాడుగానీ అందులో కథను నడిపించినట్లు నాకు గుర్తు లేదు.

ఈ లోటును లెక్కపెట్టి చూపిన పని అమెరికాలో జరిగింది. 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ మూడేళ్లలో వెలువడిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలించారు. నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి 349 మాత్రమే. పుస్తకం పిల్లలకు అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలి అని 1990లో అక్కడి పిల్లల సాహిత్య అధ్యాపకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ రాశారు. తమను తాము చూసుకోవడానికి అద్దం, ఎదుటివారిని చూడడానికి కిటికీ.

అయితే పుస్తకంలో తమను తాము చూసుకున్న మనుషులు ఏం చేయగలరో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా వెళ్లనక్కర లేదు, పొరుగున నెల్లూరు జిల్లా ఉంది. 1990ల తొలినాళ్లలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో వంగి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఉంది, తాగుడు ఒక సంసారాన్ని ఎలా కూల్చిందో చెప్పే పాఠం. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. తర్వాతి వాచకంలో వాళ్ల కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమైంది. అది చదివిన ఊళ్లు కదిలాయి. 1992లో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఉద్యమం చిత్తూరు జిల్లాకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. పుస్తకంలో ఉన్నది తమ బతుకే కాబట్టి ఆ పాఠం వాళ్లకు పట్టింది. ఉద్యమాన్ని పుస్తకం పుట్టించిందని నేను అనను. ఇంట్లో దెబ్బలు, ఖాళీ అయిన కూలి డబ్బులు దాన్ని పుట్టించాయి. ఒంటరిగా మోస్తున్న కష్టం అందరిదీ అని చెప్పింది మాత్రం ఆ పాఠమే.

పిల్లల విషయంలో ఈ మార్పు నెమ్మదిగా వచ్చింది. చవకగా దొరికిన రంగురంగుల సోవియట్ తెలుగు పుస్తకాలు 1991లో ఆ దేశం కూలిన తర్వాత ఆగిపోయాయి. 1996లో చెన్నైలో మొదలైన తూలిక, 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థలు మన పిల్లల ముఖాలున్న పుస్తకాలను తెలుగులోనూ తెచ్చాయి. 2008లో హైదరాబాదులోని మహిళా అధ్యయన సంస్థ అన్వేషి దళిత, ముస్లిం పిల్లల ఇళ్ల నుంచి వచ్చిన కథలను బొమ్మలతో వెలువరించింది. ఈలోగా చట్టమూ మారింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందరూ కలిసి చదువుకునే తరగతి గదిని కోరింది. వినికిడి యంత్రం పెట్టుకున్న పాప పక్క బల్ల మీద కూర్చున్నప్పుడు ఆమెతో ఎలా మెలగాలో పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ మాట ఉపన్యాసం చెబితే ఎక్కదు, కథ చెబితే ఎక్కుతుంది.

ఇంకా వెలితి ఉంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలున్నారు. వాళ్ల మీద ఒక్క బొమ్మల పుస్తకం కూడా నాకు దొరకలేదు.

స్వర్ణముఖి ఒడ్డున ఒక చిన్న బడిలో టీచరమ్మ ఈ వెలితిని తనకు తోచిన దారిలో పూడుస్తున్నారు. నేను వెళ్లిన రోజు పిల్లలకు బొగ్గుముక్కలు, తెల్లకాగితాలు ఇచ్చి ఎవరి ఇంటి బొమ్మ వాళ్లను గీయమన్నారు. ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునే యానాది పిల్లవాడు చాలాసేపు కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మోచేతుల దాకా మసి అయ్యేలా గీశాడు. నీళ్లు, వంగి నిలబడ్డ ఒక మనిషి, పక్కన పుల్లలాంటి చిన్న మనిషి. టీచరమ్మ పక్కన కూర్చుని ఇదేమిటని అడిగారు. వాడు చెప్పింది చెప్పినట్లే, కలంకారీ గుడ్డ మీద రాసినట్లు బొమ్మ కింద రాశారు: "మా తాత వల వేస్తున్నాడు. గంప నేను పట్టుకున్నాను."