హార్డ్ డిస్క్ పోయిందని అప్పుడే అనకండి

సీతమ్మధార, విశాఖపట్నం

అమ్మలూ, చిన్నా,

రాత్రి ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటే నాకు సగమే అర్థమైంది. కొత్త కంప్యూటర్లో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తుంటే మధ్యలో 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అని ఆగిపోయిందనీ, హార్డ్ డిస్క్ పోయిందనీ, పొద్దున్నే డాబాగార్డెన్స్ షాపుకెళ్లి అడిగేస్తామనీ అన్నారు. ఒక్కరోజు ఆగండిరా. షాపువాడిని నిలదియ్యాలంటే చేతిలో రుజువుండాలి కదా.

ముందు ఆ ఎర్రర్ ఎవరిదో తేలాలి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్‌లోంచి చదివి డిస్క్ మీద రాస్తుంది, రెండింట్లో ఏది మొరాయించినా తెర మీద పడే మాట ఒకటే. అందుకని ఇన్‌స్టాల్ జోలికి పోకుండా 'ట్రై ఉబుంటు' నొక్కి, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొట్టండి, డిస్కుల జాబితా వస్తుంది. 931.5జీ అని కనిపించేది మీ ఒక టీబీ డిస్క్ (కంపెనీవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, ఇక్కడ 1024 చొప్పున, మిగతాది ఎవరూ తినెయ్యలేదు). పద్నాలుగు పదిహేను జీ ఉన్నది పెన్‌డ్రైవ్. ఏది ఎస్‌డీఏ, ఏది ఎస్‌డీబీ అన్నది రాసి పెట్టుకోండి. తర్వాత ముందు సుడో (అడ్మిన్ హక్కులిచ్చే మాట) పెట్టి డీమెసేజ్ (dmesg, సిస్టమ్ రాసుకున్న చిట్టా) కొడితే పేజీలకి పేజీలు వస్తాయి, భయపడకండి, ఎర్రర్ అన్న లైన్లో ఏ పేరుందో అదొక్కటే చూడండి. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (పెన్‌డ్రైవ్‌లో ఉబుంటుని కుదించి పెట్టిన మూట) ఎర్రర్ అని ఉంటే చాలాసార్లు తప్పు పెన్‌డ్రైవ్‌దో, సగమే డౌన్‌లోడైన ఐఎస్‌ఓ ఫైలుదో (మీరు పెన్‌డ్రైవ్‌లో రాసిన ఉబుంటు ఫైలు). ఆ ఫైలు షా256 (ఫైలు సరిగ్గా దిగిందో లేదో చెప్పే గుర్తు) సరిచూసి, వేరే పెన్‌డ్రైవ్‌లో మళ్లీ రాయండి.

పేరు మీ డిస్క్‌దే అయినా నాలాగా చెయ్యొద్దు. నేను ఒకసారి ఇలాగే కోపంగా వెళ్లి డిస్క్ మార్పించుకొచ్చాను. కొత్తదీ అదే ఎర్రర్. మళ్లీ వెళ్తే షాపులో కుర్రాడు డిస్క్ వైపు చూడనే లేదు, సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే తీగ) ఊడదీసి లైటు కింద పట్టి చూపించాడు: లోపల పసుప్పచ్చగా మెరవాల్సిన పళ్ల మీద నల్లటి మరక. సముద్రపు గాలికి మనింట్లో తలుపు గొళ్లేలే తుప్పు పడతాయి, అదెంత! కేబుల్ మార్చాక కిక్కురుమనలేదు. మీ కంప్యూటర్ కొత్తదే, అయినా బిగించేటప్పుడు కేబుల్ సరిగ్గా కూర్చోకపోవడం మామూలే.

ఇది ఊహించక్కర్లేదు, డిస్కే చెబుతుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ (smartmontools, డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్కలు చూపించేది) వేసుకుని, అందులోని స్మార్ట్‌సీటీఎల్‌తో (smartctl) చూస్తే నంబర్లతో పట్టిక వస్తుంది. 199 నంబరు లైను, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, పెరుగుతుంటే డేటా దారిలో చెడుతోందని, అంటే ముందు కేబుల్‌నే అనుమానించాలి. కేబుల్ మార్చినా ఆ అంకె వెనక్కి తగ్గదు, అది చూసి ఇంకా బాగవలేదని కంగారు పడతారు చాలామంది. ఇవాళ్టి అంకె రాసుకోండి, మళ్లీ పెరగకపోతే సరే. 5, 197 లైన్లు వేరు: పాడైన చోట్ల బదులు వేరే చోట్లు వాడుకున్న లెక్క ఒకటి, చదవలేక పక్కన పెట్టిన చోట్లు రెండోది. కొత్త డిస్క్‌లో ఈ రెండూ రా వాల్యూ (లైను చివరన ఉండే అసలు లెక్క) దగ్గర సున్నా ఉండాలి. లేకపోతే నేనైతే తిరిగిచ్చేస్తాను, బాగుచేద్దామని కూర్చోను.

అసలు డిస్కే కనిపించకపోతే అది వేరే కథ. బయోస్‌లో (ఆన్ కాగానే తెరిచే కంప్యూటర్ సెట్టింగుల్లో) డిస్క్ నడిచే పద్ధతి రెయిడ్ అనో, ఆర్‌ఎస్‌టీ అనో ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చాలి, కానీ పక్కన విండోస్ ఉంటే అది బూట్ కాకపోవచ్చు, నన్నడగకుండా ముట్టుకోకండి.

కేబుల్, పోర్టు, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకేసారి మార్చెయ్యకండి, ఏది మారిస్తే పోయిందో తెలియదు. ముందు ఆ స్మార్ట్ పట్టిక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. 5, 197లో సున్నా కాక ఇంకేమైనా ఉంటే షాపుకి మీతో నేనూ వస్తా.

మీ తాతయ్య