మొదటి వారంలో మెరవని స్లయిడ్

వానలు పడ్డాక ఉదయగిరి కొండల దిగువన గడ్డి, తుప్పలు ఏపుగా లేస్తాయి. మేకలు తోలుకెళ్లేవాళ్లను, కట్టెలకు పోయేవాళ్లను ఇలాంటి చోట్ల కంటికి ఆనని చిన్న పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు. కుట్టినచోట నల్లటి చెక్కు కడుతుంది. అది చంకలోనో గజ్జల్లోనో ఉంటే రోగికే తెలియదు, కొందరికి అసలు ఏర్పడదు. దాంతో మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలన్నీ అయ్యాక గాని దీని మీదికి అనుమానం పోదు.

ఈ జ్వరానికి కారణమైన ఓరియెన్షియా సుత్సుగముషి బ్యాక్టీరియా బతికున్న కణాల లోపలే పెరుగుతుంది. క్రిములను గాజు పళ్లెంలో పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షకు చిక్కదు. అందుకే చాలాసార్లు దాన్ని వదిలి, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీల కోసం వెదుకుతారు.

ఆ వెదుకులాటకు వాడే పద్ధతికి పునాది 1941లో పడింది. ఆ ఏడాది హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం న్యూమోనియా తెచ్చే న్యూమోకాకస్ బ్యాక్టీరియాను పట్టే యాంటీబాడీలకు వెలుగునిచ్చే అణువును తగిలించింది. తోక తగిలించినా యాంటీబాడీ తన పట్టు వదల్లేదు. అసలు విశేషం అదే.

స్క్రబ్ టైఫస్ పరీక్షలో ఆ బ్యాక్టీరియా ఉన్న కణాలను ముందే స్లయిడ్ మీద అంటించి ఉంచుతారు. దానిపై రోగి రక్తం నుంచి వేరుచేసిన ద్రవం, అంటే సీరం వేసి, కాసేపాగి కడుగుతారు. తర్వాత మనిషి యాంటీబాడీలను పట్టుకునే మరో యాంటీబాడీని, ఫ్లోరెసిన్ అనే మెరిసే రంగు తగిలించినదాన్ని, వేసి మళ్లీ కడుగుతారు. పనితనమంతా ఈ కడగడంలోనే ఉంది. సరిగా కడగకపోతే మిగిలిపోయిన రంగుతో స్లయిడంతా పచ్చబడుతుంది. మైక్రోస్కోపులో సుమారు 490 నానోమీటర్ల నీలికాంతి పడగానే ఫ్లోరెసిన్ దాన్ని పీల్చుకుని 520 దగ్గర పచ్చకాంతిని వదులుతుంది. నల్లటి చీకట్లో ఆకుపచ్చ నలుసులు కనిపిస్తాయి. చూస్తుండగానే మసకబారతాయి కూడా, తటపటాయించే తీరిక ఉండదు.

అయితే యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. మొదటి వారం రక్తంలో ఏమీ మెరవకపోవచ్చు. మెరిసినా అది ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరం తాలూకుదీ కావచ్చు. అందుకని సీరాన్ని రెట్టింపు చొప్పున పలచన చేస్తూ మెరుపు ఎందాకా నిలుస్తుందో చూస్తారు. సుమారు రెండు వారాల తర్వాత తీసిన రక్తంలో ఆ కొలత నాలుగు రెట్లు పెరిగితే జ్వరం ఇప్పటిదే. కానీ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు పడితే సాధారణంగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. కోలుకుని మేకల వెంట పోయిన మనిషి రెండోసారి రక్తం ఇవ్వడానికి బస్సెక్కి వస్తాడా? వైద్యులూ ఫలితం కోసం ఆగరు, అనుమానం బలపడితే మందు మొదలుపెడతారు.

ఈ మైక్రోస్కోపు ఖరీదైనది, చదివేవాళ్లకు అనుభవం కావాలి. అందుకే చాలాచోట్ల, ఆ యాంటీబాడీలనే రంగు మార్పుతో పట్టే ఎలీసా పరీక్షతో పని కానిస్తారు. ఆ ఎలీసా ఎంతవరకు నమ్మదగినదో తేల్చేటప్పుడు మాత్రం ఎక్కువగా ఈ పచ్చ నలుసుల పరీక్షతోనే పోల్చి చూస్తారు.