బొగ్గులో దాగిన గంధకం

చిరంజీవులైన పిల్లలకు,

బొగ్గును కాల్చకముందే అందులోని గంధకాన్ని తీసేయవచ్చు కదా అని అడిగారు. తీయవచ్చు. అయితే అది బొగ్గులో ఏ రూపంలో ఉందో ముందు తెలియాలి.

అస్సాంలోని మార్గరీటా, లేడో గనుల బొగ్గునే తీసుకోండి. బూడిద తక్కువ, ఇచ్చే వేడి ఎక్కువ. గంధకం మాత్రం సాధారణంగా నూటికి రెండు పాళ్లు దాటుతుంది. మన సింగరేణి బొగ్గులో మామూలుగా ఒక పాలు కూడా ఉండదు. అస్సాం బొగ్గు పుట్టిన చిత్తడి నేలల్లోకి సముద్రపు నీరు చేరింది. ఆ నీటిలోని సల్ఫేట్ (గంధకం, ఆక్సిజన్ కలిసిన పదార్థం) నుంచి సూక్ష్మజీవుల వల్ల గంధకం బొగ్గులోకి ఎక్కింది.

నూటికి మూడు పాళ్లు గంధకం ఉంటే టన్ను బొగ్గులో 30 కిలోలు. కాలినప్పుడు దానికి అంతే బరువు ఆక్సిజన్ తోడై దాదాపు 60 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఊపిరితిత్తులకు అది ఎంత చేటో వేరే చెప్పాలా?

గంధకంలో కొంత ఇనుముతో కలిసి పైరైట్‌గా ఉంటుంది. బొగ్గు పెళ్లను ఎండలో తిప్పి చూస్తే ఇత్తడి రంగులో మెరిసే చుక్కలు అవే. పైరైట్ బొగ్గు కంటే మూడు రెట్లకు పైగా బరువు. అందుకే నలగగొట్టి నీటిలో కడిగితే పెద్ద రేణువులు అడుగుకు దిగుతాయి. సన్నటి వాటి కోసం 1970లలో అమెరికాలో రాబర్ట్ మేయర్స్ బృందం ఒక పద్ధతిని అభివృద్ధి చేసింది. బొగ్గు పొడిని ఫెర్రిక్ సల్ఫేట్ అనే ఇనుప లవణం ద్రావణంలో వేసి 100 డిగ్రీలకు అటూ ఇటూ వేడి చేస్తారు. పైరైట్ కరుగుతున్నకొద్దీ ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ అనే మరో రూపంలోకి మారుతుంది, ద్రావణం గోధుమ రంగు వదిలి లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. అందులోకి ఆక్సిజన్ పంపితే మళ్లీ ఫెర్రిక్ తయారు. పైరైట్ నుంచి వచ్చిన ఇనుమే పైరైట్‌ను కరిగించడానికి పనికొస్తుంది! ఇంత అందమైన రసాయన చర్యలు తక్కువ.

కానీ అస్సాం బొగ్గుకు ఈ మందు అంతగా పని చేయదు. అక్కడి గంధకంలో ఎక్కువ భాగం కర్బన అణువుల్లోనే బంధమై ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఏరగలం గానీ అన్నంలో కలిసిన ఉప్పును ఏరలేం కదా! గాలి తగలకుండా వేడి చేస్తే కొంత గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా పోతుంది, చాలా భాగం కోక్‌లోనే (అలా వేడి చేశాక మిగిలే గట్టి బొగ్గులోనే) నిలిచిపోతుంది. 400 డిగ్రీలకు దగ్గరగా కరిగించిన కాస్టిక్ సోడాలో ఉంచితే ఆ బంధాలూ తెగుతాయి. తర్వాత నీటితో, ఆమ్లంతో కడగాలి, సోడాను తిరిగి రాబట్టాలి. ఖర్చంతా అక్కడే.

అందుకే గంధకాన్ని అదుపు చేసే విద్యుత్ కేంద్రాల్లో బొగ్గును అలాగే కాల్చి, పొగ మీద సున్నపురాయి కలిపిన నీటిని చిమ్మి గంధకాన్ని పట్టే పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ తయారయ్యే జిప్సం సిమెంటు ఫ్యాక్టరీలకు వెళుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య