కంట్లో మందు ఇంప్లాంట్: చూపొచ్చాకే అసలు జాగ్రత్త

కంట్లోకి మందు ఇంప్లాంట్‌ను వదిలే అప్లికేటర్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. పని బెంగళూరులో, ఊరు ప్రొద్దుటూరు. ఊరికి వస్తే చాలు, షుగర్ ఉన్న ప్రతి చుట్టమూ నన్ను కంటి డాక్టర్ని చేసేస్తారు. నేను ఇంజనీర్ని మహాప్రభో! అయినా అడిగిందే అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. చెప్పేదంతా ముఖ్యంగా ఓజర్‌డెక్స్ గురించి, అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు నింపి కంట్లో పెట్టే సన్నటి పుల్లలాంటి ఇంప్లాంట్ గురించి.

అపోహ: చూపు వచ్చేసింది, ఇంక ఆస్పత్రితో పనిలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మా మేనమామ బంగారు పని చేస్తాడు. షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనకుండే తెర, మధ్యలో నీరు చేరి చూపు తగ్గి, రాళ్ళు పొదగడం మానేశాడు. ఇంప్లాంట్ వేయించుకున్న కొన్ని వారాలకే మళ్ళీ పట్టకారు పట్టాడు. చెకప్‌కు వెళ్ళు మామా అంటే, "చూపొచ్చింది గదల్లుడా, ఇంగ యాల పోవాల? ఫీజు కోసం పిలుస్తాండారు" అన్నాడు. పైగా పెళ్ళిళ్ళ సీజను. మూడో నెలలో అత్త పోరు పడలేక వెళ్తే కంటి ప్రెషర్ 38 ఉంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. చుక్కల మందుతో దిగింది గానీ, పక్క చూపు కొంత పోయింది. అది ఇక రాదు.

జరిగేది ఇదీ. స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది, నీరు లాగేస్తుంది, చూపు తేటపడుతుంది. అదే స్టెరాయిడ్ కొందరిలో కంటి ముందు భాగంలోని ద్రవం బయటికి పోయే దారిని బిగదీస్తుంది. ప్రెషర్ పెరుగుతుంది, నొప్పి ఉండదు. చూపు నరం నలుగుతున్నా మనిషి హాయిగా పేపర్ చదువుకుంటుంటాడు. షుగర్ కళ్ళ మీద మూడేళ్ళు జరిగిన ట్రయల్స్‌లో నూటికి 28 మందికి ప్రెషర్ 10 పాయింట్లు, అంతకుమించి పెరిగింది. ఎక్కువగా పెరిగేది ఇంప్లాంట్ వేసిన ఒకటిన్నర నెల నుంచి మూడు నెలల మధ్య. సరిగ్గా "బాగయిపోయింది" అని ఫైలు బీరువాలో పెట్టేసే సమయం అది.

ఇంజనీరుగా నాకు తెలిసిన సంగతి ఇంకొకటుంది. అప్లికేటర్ బటన్ ముందుకే పనిచేస్తుంది. చుక్కల మందు పడకపోతే సాయంత్రానికి మానేయొచ్చు. లోపలికి వెళ్ళిన ఇంప్లాంట్ మాత్రం నెలల తరబడి మందు వదులుతూనే ఉంటుంది. దాన్ని మధ్యలో ఆపే మీట ఏ డిజైనరూ పెట్టలేదు. అందుకే డాక్టర్ రాసిన తేదీకి వెళ్ళండి, ప్రెషర్ ఎంతో అడిగి ఫైల్లో రాయించుకోండి. భయపడి ఇంప్లాంటే వద్దనుకోకండి. పెరిగినవాళ్ళలో చాలామందికి చుక్కలతోనే అదుపులోకి వస్తుంది, సమయానికి చూస్తే.

అపోహ: లావు సూది, నల్లగుడ్డులో గుచ్చుతారు, కన్ను చితికిపోతుంది.

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. కంటి దగ్గరికి వేలొస్తేనే రెప్ప మూసుకుంటుంది, సూదంటే ఎవరికి టెన్షన్ ఉండదు? సూది 22 గేజ్, మామూలు కంటి ఇంజెక్షన్ సూది కంటే లావే. కానీ గుచ్చేది నల్లగుడ్డులో కాదు, దాని అంచు నుంచి 3.5–4 మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డులో. అక్కడ రెటీనా ఉండదు. ముందే మొద్దుబారే మందు వేస్తారు. సూదిని ఏటవాలుగా పోనిస్తారు, తీశాక రంధ్రం దానంతటదే మూసుకోవడానికి.

మా బల్ల మీద ఇదే రోజూ గొడవ. మటన్ కొట్టు నుంచి ఐస్ డబ్బాలో మేక కళ్ళు వస్తాయి. బటన్ గట్టిగా ఉంటే నొక్కేటప్పుడు చేయి కదిలి, సూది మొన కంట్లో ఊగుతుంది. మెత్తగా ఉంటే తెలియకుండానే వదిలేస్తుంది. స్ప్రింగు కాస్త మార్చడం, మళ్ళీ ఒక కన్ను, మళ్ళీ ఒత్తిడి కొలిచే ఫోర్స్ గేజ్. చివర్లో వినిపించే 'టిక్'ను కూడా తేలిగ్గా తీసుకోం. ఇంప్లాంట్ వెళ్ళిందని డాక్టర్‌కు చెప్పేది ఆ శబ్దమే.

అపోహ: లోపల ప్లాస్టిక్ ముక్క జన్మంతా ఉండిపోతుంది.

ఓజర్‌డెక్స్ బియ్యపు గింజంత పొడవు, వెడల్పు అర మిల్లీమీటర్ కూడా లేదు. మందును పట్టి ఉంచే పాలిమర్ క్రమంగా కరిగి నీరు, కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. కొన్నాళ్ళు కంటి ముందు గీతలా కదిలితే కంగారొద్దు. ఇల్యూవియెన్ అనే ఇంకో రకంలో చిన్న గొట్టం మిగిలిపోతుంది, అది వేరే సంగతి. 2018లో సూది తొడుగు నుంచి సిలికాన్ నలుసు ఊడొచ్చే అవకాశం ఉందని ఓజర్‌డెక్స్ బ్యాచ్‌లు కొన్నిటిని కంపెనీ వెనక్కి తీసుకుంది. ఆ పాత వార్తను నిన్న జరిగినట్టు వాట్సాప్‌లో తిప్పేవాళ్ళకో దండం.

అపోహ: ఒకరికి వాడింది ఇంకొకరికి వాడతారు. వాడరు. ఒక అప్లికేటర్‌లో ఒకటే ఇంప్లాంట్, తర్వాత చెత్తలోకే.

అపోహ: శుక్లం ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, చెప్పక్కర్లేదు. చెప్పాలి. ఆ ఆపరేషన్‌లో లెన్స్ వెనక పొర చిరిగి ఉంటే ఇంప్లాంట్ ముందుకు జారి కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను, పాడుచేయొచ్చు. పాత డిశ్చార్జ్ కాగితం పట్టుకెళ్ళండి.

వేసిన తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా అదే రోజు ఆస్పత్రికి పరిగెత్తండి. ఇన్ఫెక్షన్ అయితే తెల్లారేదాకా ఆగదు. నాకు ఫోన్ చేస్తూ కూర్చోకండి, నేను స్ప్రింగులు మార్చేవాణ్ణి.