ధ్రువం దగ్గర పిడుగులు

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులోని కె.ఆర్.పురంలోనో మారతహళ్ళిలోనో కాపురముంటున్న తెలుగువారికి సాయంత్రపు ఉరుములు కొత్త కాదు. పగలంతా ఎండకు కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది. సముద్రాల మీదుగా వచ్చిన తేమ దానికి తోడైతే, చూస్తుండగానే మేఘం 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. అసలు పని జరిగేది ఆ మేఘం నడుమ, సున్నా కన్నా 10 నుంచి 20 డిగ్రీలు తక్కువ చలి ఉండే పొరలో. గడ్డకట్టని నీటి బిందువులు అంటుకుని బరువెక్కిన మంచు పలుకులు కిందికి జారుతూ, పైకి పోతున్న సన్నని మంచు స్ఫటికాలను రాసుకుంటాయి. ఆ రాపిడిలో పలుకులకు ఎక్కువగా రుణావేశం, స్ఫటికాలకు ధనావేశం చేరతాయి. స్ఫటికాలు మేఘం పైభాగానికి చేరగా పలుకులు దిగువన మిగిలిపోతాయి. వాటి మధ్య పెరిగిన విద్యుత్ ఒత్తిడిని గాలి తట్టుకోలేనప్పుడు మెరుపు పుడుతుంది.

అంటే పిడుగుకు మంచు ఒక్కటే చాలదు. వేడి, తేమ, గాలి నిట్టనిలువుగా ఎగసే బలం కూడా కావాలి. ఆర్కిటిక్‌లో, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ప్రాంతంలో, ఇంతకాలం కొరవడినవి ఇవే. 1979 నుంచి ఆ ప్రాంతం ప్రపంచ సగటు కన్నా దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కింది. 2019 ఆగస్టులో ఉత్తర ధ్రువానికి సుమారు 480 కిలోమీటర్ల దూరంలో మెరుపులు నమోదయ్యాయి. 2021లోనైతే 80 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన 7,278 మెరుపులు లెక్కకు వచ్చాయి. అంతకుముందు 9 ఏళ్ళ మొత్తానికి ఇది దాదాపు రెట్టింపు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో మన దేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రం ఉన్నది 79 డిగ్రీల దగ్గర కనుక, ఇవన్నీ దానికీ ఉత్తరాన పడినవే.

ప్రతి మెరుపూ వెలువరించే రేడియో తరంగాలు వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి, వాటిని పట్టుకునే కేంద్రాలు ప్రపంచమంతటా ఉన్నాయి. కేంద్రాలు పెరిగితే లెక్కా పెరుగుతుంది కదా అన్న సందేహం న్యాయమైనదే. అందుకే వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సంఖ్యకు బదులు వాటాను చూశారు: వేసవిలో ప్రపంచం మొత్తం మీద నమోదైన మెరుపుల్లో 65 డిగ్రీలకు ఉత్తరాన పడినవి 2010లో సుమారు 0.2 శాతం, 2020 నాటికి 0.6 శాతం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆకాశం కాదు, ఆ పిడుగు పడే నేల. ఉత్తరపు శాశ్వత మంచునేలల్లో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల కర్బనం నిక్షిప్తమై ఉంది. గాలిలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు. మనుషులు అరుదైన టండ్రాలో (చెట్లు పెరగని ఉత్తరపు చలి మైదానాల్లో) ఎండిన నాచుకు నిప్పంటించేది ప్రధానంగా పిడుగే. పైనున్న నాచు, పీట్ (సగం కుళ్ళిన మొక్కల) పొర మంచునేలకు వేడి సోకకుండా కాపాడుతుంది కాబట్టి, అది కాలిపోతే కింది నేల మరింత లోతుగా కరుగుతుంది. పీట్‌లోని మంట ఒక్కోసారి చలికాలమంతా మంచు కింద నివురుగప్పి ఉండి, వసంతంలో మళ్ళీ రాజుకుంటుంది కూడా. 2007 జూలైలో అలాస్కాలోని అనాక్టువుక్ నది దగ్గర ఒక పిడుగుతో అంటుకున్న మంట అక్టోబరు దాకా ఆరలేదు. 1,039 చదరపు కిలోమీటర్ల టండ్రాను కాల్చిన ఆ ఒక్క మంట సుమారు 21 లక్షల టన్నుల కర్బనాన్ని గాలిలో కలిపింది; 20వ శతాబ్దపు చివరి పాతికేళ్ళలో ఆర్కిటిక్ టండ్రా అంతా కలిసి సగటున ఏడాదిలో పీల్చుకున్న కర్బనం కూడా ఇంచుమించు అంతే.