నీళ్లలో గీతలు ఎక్కడివి?

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ జలపాతాల బొమ్మలు చూసి ఒక పాఠకురాలు అడిగారు: "నీళ్లలో గీతలు ఉండవు కదా, ఈయనకు ఎలా కనిపించాయి?"

హొకుసాయ్ 1830లలో జలపాతాల మీద ఎనిమిది చెక్క అచ్చు బొమ్మలు వేశాడు. వాటిలో కిరిఫురి జలపాతమంటే నాకు ప్రాణం. నీలం, తెలుపు చారలు రాళ్ల మధ్య చీలి, మళ్లీ చీలి, మర్రి ఊడల్లా దిగుతాయి.

కెమెరాకు ఆ ఊడలు దొరకవు. అయిదు మీటర్లు పడేసరికి చుక్క వేగం సెకనుకు దాదాపు 10 మీటర్లు. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిస్తే చుక్క కదిలేది ఒక్క సెంటీమీటరు; ఫొటోలో గాలిలో నిలిచిపోయిన ముత్యంలా ఉంటుంది. ఇరవయ్యో వంతు తెరిస్తే అర మీటరు గీత పడుతుంది. గీత దొరికిందని సంబరపడేలోపే లక్షల చుక్కల గీతలు ఒకదానిమీద ఒకటి పడి అంతా ఏకిన దూదిలా తెల్లబడుతుంది. గీత కావాలంటే కాలం సాగాలి, చుక్కలు తగ్గాలి. రెండూ ఒకేసారి జరగాలి.

టోక్యోకు చెందిన టీమ్‌ల్యాబ్ బృందం 2013లో చేసిన ‘యూనివర్స్ ఆఫ్ వాటర్ పార్టికల్స్’ అనే వీడియో కళాఖండంలో జరిగింది అచ్చంగా ఇదే. కంప్యూటర్‌లో ఒక కొండను కట్టి, లక్షల నీటి కణాలను దాని మీద పోశారు. ఒక్కో కణం పక్క కణాన్ని ఎలా నెడుతుందో భౌతికశాస్త్ర సూత్రాల ప్రకారం లెక్క కట్టారు. గీతలు గీసింది మాత్రం 0.1 శాతం కణాలకే. అంటే మూడు లక్షల కణాలుంటే మూడు వందల గీతలన్నమాట. తక్కిన 99.9 శాతం కంటికి కనిపించవు, కానీ కనిపించే గీతను వంచేది అవే! జపాన్ బొమ్మల్లోని ఖాళీ చోటు గురించి ధ్యానం, శూన్యం అంటూ మంత్రాలు చదివేవాళ్లున్నారు. నాకైతే ఈ లెక్కే ఎక్కువ ఒళ్లు పులకరింపజేస్తుంది.

ఇంతసేపూ చెప్పిన గీత ఒక్క కణం కొంతసేపు నడిచిన దారి. అది వేరు, ఒక్క క్షణంలో ప్రవాహమంతటా వేగాల దిశను చూపే ధారారేఖ వేరు. ప్రవాహం నిలకడగా, అంటే ఏ చోట చూసినా వేగం కాలంతో మారకుండా ఉంటేనే రెండూ ఒకటవుతాయి. కాలేజీలో మాకు ఈ నిర్వచనాలు బట్టీ పట్టించారు గానీ, పక్కనే పారే కాలువ దగ్గరికి ఒక్కసారీ తీసుకెళ్లలేదు. పది బంతిపూల రేకులు వదిలితే చాలు, దారులు కంటిముందే కనిపించేవి. బుట్టెడు పోస్తే మాత్రం కనిపించవు, నీళ్ల మీద పసుపు చాప పరిచినట్టుంటుంది.