జాతులు తగ్గాయా, క్వాడ్రాట్లు తగ్గాయా? జీవవైవిధ్య కొలతపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక పరిశోధక విద్యార్థిని ఫోను చేసింది. ఏడుపు ఒక్కటే తక్కువ. "సర్, నిరుడు నా గడ్డిభూమిలో 41 జాతుల మొక్కలు దొరికాయి. ఈసారి 29. ఆవాసం దెబ్బతింటోందని రాసేయమంటారా?"

నేను అడిగింది ఒకటే. "నిరుడు ఎన్ని క్వాడ్రాట్లు వేశావు? ఈసారి ఎన్ని?" (క్వాడ్రాట్ అంటే నేలమీద పెట్టే చదరపు చట్రం, దాని లోపలున్న మొక్కలనే లెక్కపెడతాం.) కాసేపు మాట లేదు. నిరుడు 40, ఈసారి 15.

ఇలాంటి ఫోను నాకు నెలకొకటి వస్తుంది. ఈ పొరపాటు మీదే నివేదికలు తయారవుతున్నాయి, బాగున్న భూమి చెడిందని, చెడిన భూమి బాగుందని పుకార్లు పుడుతున్నాయి. అందుకే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: ఎక్కువ జాతులు దొరికితే వైవిధ్యం ఎక్కువ, తక్కువ దొరికితే తక్కువ.

వాస్తవం: ఎంత వెతికారో చెప్పకుండా ఎన్ని దొరికాయో చెబితే ఆ అంకెకు విలువ లేదు. మొదటి క్వాడ్రాట్‌లో ప్రతి జాతీ కొత్తదే. రెండోదానిలో చాలావరకు పాతవే కనిపిస్తాయి. ఇరవయ్యోదానికి వచ్చేసరికి కొత్తది ఒక్కటి దొరికినా గొప్పే. క్వాడ్రాట్ల సంఖ్యకు ఎదురుగా మొత్తం జాతుల సంఖ్య పెట్టి గ్రాఫు గీయండి. గీత మొదట నిటారుగా లేస్తుంది, తర్వాత మెల్లగా వంగుతుంది. అది ఇంకా ఎక్కుతుండగానే పని ఆపేస్తే మీరు కొలిచింది మీ శ్రమను, ఆవాసాన్ని కాదు.

మరి రెండేళ్లను పోల్చడం ఎలా? రేర్‌ఫ్యాక్షన్ అనే లెక్క ఉన్నది అందుకే, ఎక్కువ వెతికిన ఏడాదిని తక్కువ వెతికిన ఏడాది స్థాయికి దించి పోల్చడమే అది. నిరుటి 40 క్వాడ్రాట్లలోంచి చీటీలు తీసినట్టు 15 తీసి జాతులు లెక్కపెట్టాలి. మళ్లీ అన్నీ కలిపేసి మరో 15 తీయాలి. కంప్యూటర్ ఈ పని వెయ్యిసార్లు చేసి సగటు చెబుతుంది. ఆ అమ్మాయి లెక్కలో సగటు 30 వచ్చింది. అంటే 12 జాతుల తేడాలో 11 కేవలం వేయని క్వాడ్రాట్ల వల్ల వచ్చినవే. ఆ మాట చెప్పాక గానీ ఆమె గొంతు తేలికపడలేదు.

కంటపడని జాతులనూ కొంతవరకు అంచనా కట్టవచ్చు. గణాంకవేత్త ఆన్ చావ్ 1980ల్లో ఇచ్చిన సూత్రం చాలా సులువు. ఒకే ఒక్క క్వాడ్రాట్‌లో కనిపించిన జాతులెన్నో, సరిగ్గా రెండింటిలో కనిపించినవెన్నో చూడండి. మొదటి సంఖ్య వర్గాన్ని రెండో సంఖ్యకు రెట్టింపుతో భాగించండి. ఆ విద్యార్థినికి ఈసారి వచ్చిన ఆ సంఖ్యలు 8, 4. 64ను 8తో భాగిస్తే 8. దొరికిన 29కి ఇది కలిపితే సుమారు 37, అదీ కనీస అంచనా. కనిపించకపోయినంత మాత్రాన ఒక జాతి అంతరించిందని ప్రకటించే హక్కు ఎవరికీ లేదు.

అపోహ: కళ్లు మూసుకుని చట్రం విసిరితే అది యాదృచ్ఛికమే.

వాస్తవం: కాదు. విసిరే చేయి ముళ్ల వైపు పోదు, బురద వైపు పోదు. పడ్డాక కూడా పక్కనున్న పువ్వు లోపలికి వచ్చేలా కాలితో ఇంత జరిపేవాళ్లను నేను చూశాను. రెండు కొలత టేపులను లంబకోణంలో పరచండి, యాదృచ్ఛిక అంకెలతో చోటు తేల్చండి, అక్కడ ఏమున్నా అక్కడే చట్రం పెట్టండి.

ఒకసారి నాకు అంకెలు ముళ్లపొద మధ్యను చూపాయి. చట్రం విడదీసి, పొద కింద మళ్లీ బిగించి, మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టేసరికి గంట దాటింది. కాండం మొదట్లో, నేలకు అతుక్కుని, చిటికెన వేలి గోరంత ఆకులతో ఒక మొక్క ఉంది. ఆ సర్వే మొత్తంలో ఆ జాతి మరెక్కడా దొరకలేదు. చుట్టూ పశువులు మేసిన నేల, వాటి నోరు అందని చోటు ఆ పొద ఒక్కటే. నేను ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే అది నా జాబితాలో ఉండేది కాదు.

అపోహ: జాతుల సంఖ్యే వైవిధ్యం.

వాస్తవం: రెండు చోట్ల ఐదేసి జాతులు, నూరేసి మొక్కలు ఉన్నాయనుకోండి. ఒకచోట ఒక్కో జాతివి 20. మరోచోట ఒకే జాతివి 96, మిగతా నాలుగూ ఒక్కొక్కటి. గుడ్డిగా రెండు మొక్కలు తీస్తే అవి వేర్వేరు జాతులవి అయ్యే అవకాశం ఎంతో చెప్పేది 1949లో వచ్చిన సింప్సన్ సూచిక. దాని ప్రకారం మొదటిదాని వైవిధ్యం 0.81, రెండోదానిది 0.08. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

పురుగులు జారిపడేలా నేలలో అంచు దాకా పాతే గిన్నెలను గోతి ఉచ్చులంటారు, వాటి గురించి ఒక్క మాట. వాటిలో ఎక్కువగా పడేవి ఎక్కువగా తిరిగే పురుగులు, అవే ఎక్కువగా ఉన్నాయని కాదు. జంతువులకు గుర్తు వేసి వదిలి, మళ్లీ పట్టినవాటిలో గుర్తున్నవెన్నో చూసి సంఖ్య అంచనా కట్టే పద్ధతిలో గుర్తు చెరిగిపోతే జనాభా ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది, పెరిగిందని సంబరపడకండి.

అపోహ: అన్ని జాతుల పేర్లూ తెలిస్తేనే సర్వేకు దిగాలి.

వాస్తవం: కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. భయపడకండి. పేరు తెలియని మొక్కకు 'గుర్తుతెలియనిది-1' అని రాసి, ఆకు, కాండం, పువ్వు విడివిడిగా ఫొటో తీసుకోండి. అదే మొక్క తర్వాతి క్వాడ్రాట్‌లో కనిపిస్తే అదే అంకె వాడండి. పేరు నెల తర్వాత తెలిసినా లెక్క చెడదు. తెలిసిన పేరే కదా అని పోలికను బట్టి రాసేస్తే మాత్రం రెండు జాతులు ఒకటైపోతాయి, తర్వాత ఎవరూ వాటిని విడదీయలేరు.